పెద్దాయన పట్టుబట్టిన ఒక్క వాక్యం

సంపాదకులకు,

మా వయోవృద్ధుల సంఘానికి అండగా నిలిచిన పెద్దాయన ఇటీవల కన్నుమూశారు. దండలూ సంతాపసభలూ ఆయనకు గిట్టవు, కాబట్టి ఆయన చెప్పిందే రాస్తున్నాం.

పిల్లలకు ఆస్తి రాసిచ్చే దాన దస్తావేజు చేతికిస్తే ఆయన ముందు వేలు పెట్టి వెతికేది ఒకే వాక్యం: ‘బతికున్నంతకాలం తిండి, వైద్యం, కనీస అవసరాలు చూడాలి’. చాలా పత్రాల్లో ‘ప్రేమాభిమానములచేత’ అని మాత్రమే ఉంటుంది. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం 2007లో సెక్షన్ 23 కింద దానం రద్దు కోరాలంటే ఆ షరతే ఆధారం. అది లేకపోతే రద్దు కష్టం. రిజిస్ట్రేషన్‌కు ముందే రాయించుకోవాలి, తర్వాత ఏడ్చి లాభం లేదు.

పిల్లలు చూడకపోతే, నెలనెలా భరణం కోరే పోషణ అర్జీని అదే చట్టం కింద ఆర్డీవో ట్రైబ్యునల్‌కు ఇవ్వాలి. మన టెక్కలి, పలాస వైపు పిల్లలు చెన్నై, హైదరాబాద్‌లలో ఉంటారు. అర్జీలో పాత చిరునామా రాస్తే నోటీసు తిరిగొస్తుంది. అర్జీ తేల్చడానికి చట్టం చెప్పిన 90 రోజుల గడువు నోటీసు అందిన రోజు నుంచే మొదలవుతుంది మరి! కొడుకు ఇప్పుడుంటున్న ఇంటి నంబరు, పనిచేసే చోటు, ఫోను నంబరు మూడూ రాయాలి. ఇంటి ముందు మనవడు నిలబడ్డ ఫొటో చిరునామాకు బదులు కాదు (అలాంటివీ వచ్చాయి). భరణం నెలకు గరిష్ఠంగా 10,000 రూపాయలు.

రాయడం రానివారు వృద్ధుల సహాయవాణి అయిన 14567 ఎల్డర్‌లైన్‌కు ఫోన్ చేయవచ్చు. ఆ నంబరును, ఆ షరతు నమూనాను సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయాల గోడమీద పెద్దక్షరాల్లో రాయించమని జిల్లా అధికారులను కోరుతున్నాం.

– వయోవృద్ధుల సంఘం సభ్యులు, టెక్కలి, శ్రీకాకుళం జిల్లా