ఆ స్టీమ్ ఇంజన్ ఇక అమ్మకానికి రాదు, తప్పు నాదే

పోయిన నెల ఒక పాత మోడల్ రైలు స్టీమ్ ఇంజన్ ఫొటో పెట్టి, నడవట్లేదు గానీ రెండు వారాల్లో బాగు చేసి అమ్ముతానని గొప్పగా రాశాను కదా, అదెప్పుడొస్తుందని రోజూ ఎవరో ఒకరు అడుగుతున్నారు. అది రాదు. ముందే అడ్వాన్స్ ఇచ్చిన ఇద్దరికీ డబ్బు వెనక్కి పంపేశాను. అసలేం జరిగిందో మీకు చెప్పడం న్యాయం, అందుకే ఇది రాస్తున్నాను.

హెచ్‌ఓ స్కేల్ ఇంజన్ అది, అంటే 1:87, అసలు ఇంజన్‌లో 87వ వంతు సైజు, పట్టాల మధ్య 16.5 మిల్లీమీటర్లు. బాడీ మీద పెయింట్ చెక్కుచెదరలేదు, అసలు డబ్బాతో సహా ఉంది. అమ్మినాయన "మోటారు పోయినట్టుంది" అన్నాడు. మోటారు సంగతి నేను చూసుకోగలను కాబట్టి ఆ మాట వినగానే బేరం కుదిరిందనుకున్నాను, కనీసం తిరగేసి అడుగు వైపు కూడా చూడకుండా కొనేశాను. ఇన్నేళ్లుగా ఇలాంటి ఇంజన్లు బాగు చేస్తూ ఇంకొకరికి సలహాలిచ్చేవాణ్ణి, డబ్బా చూసి పడిపోయాను.

బల్ల మీద పెట్టి 9 వోల్టుల బ్యాటరీ నుంచి రెండు వైర్లు తీసి నేరుగా మోటారుకు ఆనిస్తే గుంయ్‌మంది గానీ తిరగలేదు. స్క్రూలు తీసి మోటారును ఛాసిస్ (అడుగు చట్రం) నుంచి విడదీస్తే సుబ్బరంగా తిరిగింది. అప్పుడే నాకు అనుమానం వచ్చింది. మోటారు బిగించి ఉన్నంతసేపూ వార్మ్ గేరు (మోటారు కడ్డీ మీది స్క్రూ లాంటి గేరు) చక్రాలను పట్టేసి ఉంచుతుంది, వేలితో తిప్పినా తిరగవు, అది మామూలే. కానీ మోటారు తీసేశాక హాయిగా తిరగాలి. ఇవి అంగుళం కదల్లేదు. కింది ప్లేటు విప్పి చూస్తే ఛాసిస్ నిండా ఎండిన చెరువులో నెర్రెల్లాంటి సన్నటి పగుళ్లు, నడుము దగ్గర కొద్దిగా వంగింది, ఇరుసులు తిరిగే గాడులు ఉబ్బి మూసుకుపోయాయి.

దీన్ని జింక్ పెస్ట్ అంటారు. జింక్ మిశ్రమాన్ని పోత పోసేటప్పుడు సీసం లాంటి మలినం కొంచెం కలిసినా చాలు, ఏళ్ల తరబడి లోపల్లోపలే లోహం తినేయబడుతుంది, ఉబ్బుతుంది, వంగుతుంది, చివరికి వేళ్ల మధ్య నలిపితే పొడి అయిపోతుంది, తేమ ఉన్నచోట ఇంకా తొందరగా. మందు లేదు. గ్లూ పెట్టి అతికిస్తే పక్కన ఇంకోచోట విచ్చుకుంటుంది. (ఒకాయన తన మిగతా ఇంజన్లకు అంటుకుంటుందేమోనని టెన్షన్ పడుతున్నారు. అంటుకోదండీ, అది ఆ పోతలో ఉన్న రోగం.) ఎక్కువగా రెండో ప్రపంచ యుద్ధానికి ముందు తయారైన వాటిలో కనిపిస్తుంది, తర్వాతి వాటికి రాదని మాత్రం అనుకోకండి. పెయింట్ బాగుందంటే లోపల బాగున్నట్టు కాదు.

కాబట్టి దాన్ని విడిభాగాలుగా అమ్ముతున్నాను. మోటారు, చక్రాలు, బాడీ, టెండర్ (ఇంజన్ వెనక ఉండే బొగ్గు పెట్టె) అన్నీ బాగున్నాయి, కావాల్సినవాళ్లు అడగండి.

ఇక "ఇది నడవట్లేదట, కొనొచ్చా" అని మీరు పంపే ఫొటోల సంగతి. నా దగ్గరికి వచ్చే చచ్చిన ఇంజన్లలో చాలావాటికి అసలు జబ్బే ఉండదు. పాత నూనె ఎండి బంకలా పట్టేసి ఉంటుంది, లేదా చక్రాలకూ కరెంటు తీసుకునే రేకులకూ మురికి పట్టి ఉంటుంది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి కొత్త నూనె ఒక్క చుక్క వేస్తే కదులుతాయి. మోటారుకు కరెంటు అందించే బ్రష్‌లు అరిగితే మారుస్తాం. వైండింగ్ (మోటారు లోపలి తీగచుట్ట) మీద అనుమానం ఉంటే, మూడు పోల్స్ మోటారులో కమ్యుటేటర్ (బ్రష్‌లు రాసుకునే భాగం) మీద ముక్కలు మూడుంటాయి, రెండేసి ముక్కల మధ్య మల్టీమీటర్ పెట్టి చూడండి, మూడు రీడింగులూ దాదాపు ఒకటే రావాలి. ఒకటి బాగా తేడాగా ఉంటే వైండింగ్ పోయినట్టే.

ఇంకో రకం ఉంది, లోపల డీసీసీ డీకోడర్ (డిజిటల్ సిగ్నల్‌తో ఇంజన్ నడిపే చిన్న సర్క్యూట్) ఉండి, దాన్లో మామూలు డీసీ కరెంటు మీద నడిచే సెట్టింగ్ ఆపేసి ఉంటుంది. పాత కంట్రోలర్ మీద పెట్టి చచ్చిపోయిందనుకుని అమ్మేస్తారు. అలాంటిది దొరికితే మీ అదృష్టం.

నన్ను నిజంగా ఆలోచనలో పడేసేవి గేర్లు. ఇరుసుకు బిగించిన ప్లాస్టిక్ గేరు ఏళ్లు గడిచేకొద్దీ కుంచించుకుని చీలుతుంది, చక్రం తిరిగిన ప్రతిసారీ టక్ మని కుంటుతుంది. అతికిస్తే నిలవదు, ఆ మోడల్‌కు కొత్త గేరు దొరుకుతుందా లేదా అన్నదొక్కటే లెక్క. దొరక్కపోతే ఎంత చవకైనా వదిలేయండి. స్టీమ్ ఇంజన్లలో ఎవరో ముందే చక్రాలు పీకి మళ్లీ పెట్టినవి కూడా నేను తీసుకోను. ఒకే ఇరుసు మీది ఎడమ చక్రం, కుడి చక్రాలకు రాడ్లు తగిలించే పిన్నులు ఒకదానికొకటి 90 డిగ్రీల తేడాలో ఉండాలి, కాస్త తప్పినా చక్రాలను కలిపే ఆ రాడ్లు పట్టేస్తాయి, అది సరిచేయడానికి పట్టే టైములో రెండు మామూలు రిపేర్లు చేసుకోవచ్చు.

ఇకనుంచి అడుగు వైపు ఫొటో చూడనిదే నడవని ఇంజన్ కొనను. ఛాసిస్ పగిలినవి రిపేరుకు కూడా తీసుకోను, తీసుకుని రెండు నెలలు తిప్పి వెనక్కివ్వడం ఇద్దరికీ నష్టం. బల్ల మీద ఇప్పుడు మీవే ఏడు ఇంజన్లు ఉన్నాయి, ఈ స్టీమ్ ఇంజన్ పిచ్చిలో పడి వాటిని ఆలస్యం చేశాను, క్షమించండి. అవి అయ్యేదాకా కొత్త రిపేర్లు ఒప్పుకోవడం లేదు.

నిన్న ఇంకొకరు ఒక డీజిల్ ఇంజన్ ఉందని రాశారు, అస్సలు కదలదట, డబ్బా మాత్రం కొత్తదానిలా ఉంది. అడుగు ఫొటో అడిగాను. ఇంకా పంపలేదు.