వార్షిక ప్రదర్శన ఫిబ్రవరికి ఎందుకు మారింది

చెన్నైలోని మా నాట్యశాలలో కూచిపూడి నేర్చుకుంటున్న ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లల తల్లిదండ్రులకు నమస్కారం.

డిసెంబర్ చివరి వారంలో జరగవలసిన మన వార్షిక ప్రదర్శనను ఫిబ్రవరి మొదటి ఆదివారం సాయంత్రానికి మార్చాను. వాట్సాప్‌లో పంపిన రెండు ముక్కల సమాచారం చూసి చాలామంది కారణం అడిగారు. నెల్లూరు నుంచి, విజయవాడ నుంచి అమ్మమ్మలకు, తాతయ్యలకు రైలు టికెట్లు తీసుకున్నవారికి కోపం కూడా వచ్చింది. ఏళ్ల తరబడి నన్ను నమ్మి పిల్లల్ని పంపుతున్న మీకు జరిగినది జరిగినట్లు తెలియాలి కాబట్టి వివరంగా రాస్తున్నాను.

ఈ ఏడాది పెద్ద పిల్లల బృందానికి క్షీరసాగర మథనాన్ని ఇతివృత్తంగా తీసుకున్నాం. అడుగులన్నీ నేనే కూర్చి వాళ్ల చేత చేయించకుండా, వాసుకిని పట్టి చిలికే ఘట్టాన్ని మాత్రం పిల్లలనే కూర్చమన్నాను. దేవతల వరుస చతురశ్రంలో, అంటే ‘తకధిమి’ అని నాలుగేసి అక్షరాలకు, రాక్షసుల వరుస ఖండంలో, అంటే ‘తకతకిట’ అని ఐదేసి అక్షరాలకు లాగాలని చెప్పి, విడిపోయిన ఆ రెండు వరుసలు మళ్లీ ఎక్కడ కలుస్తాయో మీరే కనుక్కోండని వదిలేశాను. నేలమీద సుద్దముక్కతో గీతలు గీసి, చేతులతో తాళం వేసి, చాలాసేపు వాదించుకున్నాక, ఆరో తరగతి అమ్మాయి ఒకతె ‘ఇది క.సా.గు. లెక్క కదా టీచర్’ అంది. ఇరవయ్యో అక్షరానికి ఇద్దరూ కలుస్తారు, అదే నడక ఇంకోసారి చేస్తే నలభై అక్షరాలై, ఎనిమిది అక్షరాల ఆది తాళంలో సరిగ్గా ఐదు ఆవర్తనాలు, అంటే ఐదు చుట్లు, పూర్తవుతాయి. మొదటిసారి కలిసినప్పుడు మందరగిరి మునగాలని, రెండోసారి సమం మీద, అంటే తాళం మళ్లీ మొదలయ్యే చోట, కూర్మం దానిని ఎత్తుకొని లేవాలని నిర్ణయించింది పిల్లలే. ఆ వయసు పిల్లలకు ఇంత ఆలోచన ఉంటుందని నాకు ఎప్పటినుంచో తెలుసు. దానిని వేదిక మీద మీకు చూపించాలనుకున్నాను.

ఈ అంశానికి పాట, నట్టువాంగం (తాళాలు వేస్తూ జతులు చెప్పడం), మృదంగం రికార్డు చేసి ఇస్తానని నగరంలోనే చిన్న స్టూడియో నడిపే ఒకాయన ఒప్పుకొని అడ్వాన్సు తీసుకున్నారు. జతులన్నీ, అంటే అడుగులకు చెప్పే ‘తకధిమి’ లాంటి పలుకులన్నీ, కాగితం మీద రాసి, నా గొంతుతో చెప్పి కూడా పంపాను. దసరాకు అందవలసిన ట్రాక్ కార్తిక మాసం దాటాక చేతికి వచ్చింది. అందులో మృదంగం లేదు, కీబోర్డు మీద వాయించిన దరువు ఉంది. అంతకంటే ముఖ్యం, ఖండం మొత్తం తీసేసి చిలికే ఘట్టమంతా నాలుగు అక్షరాల నడకలోకి మార్చేశారు. ఎందుకు మార్చారని అడిగితే, ‘చిన్నపిల్లల ప్రోగ్రామే కదా మేడమ్, ఎవరు లెక్కపెడతారు?’ అన్నారు. ఆ మాట నన్ను చాలా బాధపెట్టింది, ఇప్పటికీ బాధపెడుతూనే ఉంది. లెక్కపెట్టేవాళ్లు ఉన్నారు. వాళ్లకు పదకొండేళ్లు, పన్నెండేళ్లు. అడ్వాన్సు వెనక్కి ఇవ్వలేదు, నేను మళ్లీ అడగను.

ఆ తర్వాత ఏం చేయాలన్నదే నాకు నిద్ర లేకుండా చేసింది. ఉన్న ట్రాక్‌కు తగ్గట్టు అడుగులు మార్చడం పిల్లలకు కష్టమేమీ కాదు, నాలుగైదు క్లాసుల్లో నేర్చుకోగలరు. కానీ రెండు వరుసలూ ఒకే నడకలో లాగితే చిలకడం అన్న భావమే పోతుంది. వాళ్లు కష్టపడి కనిపెట్టిన దానిని ఒక పెద్దమనిషి సోమరితనం కోసం చెరిపేయమని వాళ్లకు నేనెలా చెప్పగలను? వేరేచోట మళ్లీ రికార్డు చేయిద్దామా అంటే, మార్గళి నెలలో, అంటే డిసెంబర్ మధ్య నుంచి సంక్రాంతి దాకా కచేరీలు జరిగే రోజుల్లో, చెన్నైలో మృదంగ విద్వాంసులు పొద్దున ఒక సభలో, సాయంత్రం ఇంకో సభలో వాయిస్తుంటారు, మనకు సమయం ఇచ్చేవారెవరు? అందుకే భోగి పండుగ దాటేదాకా ఆగి, ట్రాక్ అన్నదే లేకుండా, మృదంగం, గాత్రం పక్కన పెట్టుకొని, నేనే తాళాలు పట్టి జతులు చెబుతూ ప్రదర్శన చేయించాలని నిర్ణయించాను.

‘మిగతా డాన్స్ స్కూళ్లన్నీ ట్రాక్ మీదే చక్కగా చేయిస్తున్నాయి కదా’ అని ఇద్దరు ముగ్గురు తల్లులు అన్నారు. చేయిస్తున్నాయి, వారిని నేను తప్పుపట్టను. అయితే ట్రాక్‌కు అలవాటుపడిన పిల్లలు అక్షరాలు లెక్కపెట్టడం మానేసి, ఫలానా చోట వేణువు వస్తే కుడివైపు తిరగాలని గుర్తుపెట్టుకుంటారు, కాలం, అంటే లయ వేగం, మారగానే తడబడతారు. ఒక పాప ఒక ఆవర్తనం వెనకబడితే ట్రాక్ ఆగదు. పక్కన కూర్చున్న గురువైతే ఆ జతిని ఇంకోసారి చెప్పి పాపను అందుకుంటుంది, మృదంగం వాయించే ఆయన కూడా పిల్లల పాదాలనే చూస్తూ వాయిస్తారు. కూచిపూడి గురువు వెంపటి చినసత్యం గారు 1963లో కూచిపూడి ఆర్ట్ అకాడమీ స్థాపించిన నగరం ఇది. ఇక్కడ తెలుగు పిల్లలకు కూచిపూడి నేర్పుతూ, ఐదు అక్షరాలు కష్టమని నాలుగుకు దించడం నా చేత కాదు.

మృదంగానికి, గాత్రానికి అయ్యే ఖర్చు పూర్తిగా నాదే, మీ దగ్గర అదనంగా ఏమీ తీసుకోను. కుట్టించిన దుస్తులు కొత్త తేదీకి అలాగే పనికివస్తాయి, పొడవు తక్కువైతే మడత విప్పి సరిచేయిస్తాను. సీబీఎస్ఈ పిల్లలకు పరీక్షలు దగ్గరపడతాయి కాబట్టి ప్రదర్శన ఫిబ్రవరి మొదటి వారం దాటదు. శని, ఆదివారాల క్లాసుల్లో మార్పు లేదు. పొంగల్ సెలవుల తర్వాత వచ్చే ఆదివారాల్లో మృదంగంతో సాధన ఉంటుంది, దానికి మాత్రం పిల్లలు గజ్జెలతో, తప్పనిసరిగా రావాలి. ఇంట్లో సాధన చేసుకోవడానికి నా గొంతుతో చెప్పిన జతులు ఈ వారమే పంపుతాను.

కొత్త తేదీ ఎవరికైనా కుదరకపోతే పొంగల్ లోపు చెప్పండి. ప్రదర్శన కోసం కట్టిన సొమ్ము మొత్తం తిరిగి ఇస్తాను, ఆ పాప క్లాసులకు మామూలుగానే రావచ్చు. డిసెంబర్‌లోనే ట్రాక్ పెట్టి చిన్నగా ఏదైనా చేయించమని మాత్రం దయచేసి అడగవద్దు.