గరిటె పెట్టకూడని అన్నం

కాకినాడ,
ఆదివారం మధ్యాహ్నం

బుజ్జీ,

నాన్నగారికి బీపీ మాత్రలు మార్చారు, ఇప్పుడు బాగానే ఉన్నారు. అత్తయ్య మోకాలి నొప్పి అలాగే ఉంది. పెరట్లో కరివేపాకు మళ్లీ చిగురేసింది. నువ్వు ఫోన్ చేసి 22 రోజులైంది. చదువు పనిలో ఉండి ఉంటావు, నేనేమీ అనుకోవడం లేదు.

పొద్దున్నే నాన్నగారు రొయ్యలు తెచ్చారు. స్పెయిన్‌లో నీ దగ్గర్నుంచి వచ్చేటప్పుడు తెచ్చుకున్న పొట్టి గింజల బొంబా బియ్యం సంచి అడుగున ఒక్క కప్పు మిగిలింది. పాయెల్లా, అదే ఆ స్పెయిన్ వాళ్ల వెడల్పు మూకుడు అన్నం, చేసేద్దామనిపించింది. నువ్వు వాలెన్సియాలో బెనిమాక్లెత్ పేటలో ఇల్లు ఖాళీ చేశావట కదా అని రాజమండ్రి పిన్ని నిన్న అడిగింది. అందుకని కాదులే, బియ్యానికి పురుగు పడుతుందని.

ఆ వంటగది కళ్ల ముందే ఉంది. వాలెన్సియాలో పెద్ద మార్కెట్ ఆదివారం ఉండదని మీ ఇంటి ఓనరమ్మ నన్ను శనివారమే చెయ్యి పట్టుకుని తీసుకెళ్లింది. మర్నాడు రొయ్య తలలు, చేప ముళ్లు మరిగించి వడకట్టింది. మూకుడులో ఆలివ్ నూనె పోసి, రొయ్యలు ఇటూ అటూ తిప్పి తీసేసింది. అదే నూనెలో స్క్విడ్ ముక్కలు, వెల్లుల్లి, తురిమిన టమాటా. ఉల్లిపాయ వెయ్యవా అని సైగ చేస్తే చెయ్యి అడ్డంగా ఊపింది. టమాటా దగ్గరపడి ముదురు ఎరుపుకి తిరిగాక చిటికెడు పిమెంతోన్ (అక్కడి ఎర్ర మిరపపొడి), మాడకముందే బియ్యం, ఆపైన కుంకుమపువ్వు వేసి మరుగుతున్న ఆ వడకట్టిన నీళ్లు. కప్పుకి మూడు కప్పులు. సమంగా పరిచింది, అంతే. అలవాటు కొద్దీ నేను గరిటె పెట్టబోతే మణికట్టు పట్టేసుకుంది! కలిపితే గంజి దిగి ముద్దవుతుందమ్మా అని నువ్వు గుమ్మంలోంచి చెప్పావు. 10 నిమిషాలు పెద్ద మంట, 8 నిమిషాలు సన్న మంట. చివర్లో ఆవిడ వంగి చెవి పెట్టి, నన్నూ పెట్టమంది. కుతకుత పోయి సన్నగా చిటపట. అడుగున సొకర్రాత్, ఆ కరకరలాడే మాడు, కడుతోందన్నమాట. అలాంటి మనిషితో నీకేమైనా మాట పట్టింపు వచ్చిందా? అద్దె పెంచిందా? వస్తే మాత్రం, పెద్దవాళ్లు ఓ మాట అంటే పడాలి. తొందరపడి ఇల్లు మారితే మళ్లీ అలాంటి నీడ దొరకదు. చెప్పకూడదనుకుంటూనే చెప్పేశాను.

ఆ తర్వాత ఎల్ పల్మార్ ఊరు వెళ్లాం కదా. అక్కడి అల్బుఫేరా సరస్సు చుట్టూ పొలాలన్నీ మే నెలలో నీళ్లు నిండి ఉంటే కోనసీమలో దిగానా అనిపించింది. ఆ బొంబా బియ్యానికి పులుసు పీల్చినా పగలని గుణం ఉంది. మన చిట్టిముత్యాలతో సంక్రాంతికి చేస్తే రెండు కప్పులకే మెత్తబడింది.

కొత్త ఇల్లు సముద్రం వైపు కబన్యాల్‌లో అంది పిన్ని. నిజమేనా? అక్కడ గ్యాసా, కరెంటు పొయ్యా? కరెంటుదైతే నేను కొనిచ్చిన వెడల్పాటి మూకుడు మధ్యలోనే వేడెక్కుతుంది, తిప్పుతూ ఉండాలి. కడిగాక తడి తుడిచి నూనె రాస్తున్నావా? లేకపోతే తుప్పు పడుతుంది. ఉడికినా నోరు తెరవని ఆల్చిప్పలు తినకు. పాయెల్లా మధ్యాహ్నం తిండి, అక్కడివాళ్లే రాత్రి తినరు, నువ్వు పదింటికి వండుకోకు. నీతో ఎవరుంటున్నారు? వాళ్లూ వండుతారా?

ఇవాళ సొకర్రాత్ బాగా కట్టింది. నాన్నగారు గరిటెతో గీరి, "బుజ్జి ఉంటే ఇది మన దాకా వచ్చేదా" అని చాలాసేపు అలాగే కూర్చున్నారు.

కందిపొడి, ఆవకాయ కట్టి ఉంచాను. డబ్బా మీద అడ్రసు మాత్రం రాయలేదు. కొత్తదైతే కొత్తది, పాతదే అయితే పాతదని, ఈ రాత్రికే ఒక్క ముక్క పంపు.

అమ్మ