అన్ని ప్రాంతాలకూ ఒకే విత్తనాల క్యాలెండర్ వద్దండీ: ఉద్యాన శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారాలు.

మీ శాఖ పంపే ఇంటి తోటల విత్తనాల కిట్ గురించి, దానితో పాటు వచ్చే విత్తే క్యాలెండర్ గురించి మీకు ఇంతకు ముందే ఉత్తరాలు రాశాం. అర్జీ ఇచ్చి రసీదు కూడా తీసుకున్నాం. హెల్ప్‌లైన్‌కి ఎప్పుడు ఫోన్ చేసినా "క్యాలెండర్‌లో ఉన్నట్టు చేయండి" అనే అంటున్నారు. మా ఫిర్యాదే ఆ క్యాలెండర్ మీద కదండీ! ఇక దారి లేక అందరి ముందూ రాస్తున్నాను.

ఆ కాగితం మీద ఏ నెలలో ఏం విత్తాలో ఉంది. అది ఏ ప్రాంతానికో మాత్రం లేదు. సముద్రం ఒడ్డున ఉండేవాళ్లకీ, కొండ మీద ఉండేవాళ్లకీ, చినుకు కోసం ఆకాశం కేసి చూసే మెట్టవాళ్లకీ అదే కాగితం, అవే పొట్లాలు. వెయ్యి మీటర్లు పైకెక్కితే సుమారు 6 డిగ్రీలు చల్లబడుతుందని బడిలో చదువుకున్నదే. ఆ 6 డిగ్రీల తేడాతో విత్తే సమయం వారాల తరబడి మారిపోతుందని మీ శాఖలో తోటపని తెలిసిన ఏ ఉద్యోగిని అడిగినా చెబుతారు.

మా అక్క వాళ్లది కొండ ప్రాంతం. క్యాలెండర్ చెప్పిన నెలలోనే బెండ విత్తింది. అప్పటికి అక్కడ చలి పోలేదు, మట్టిలో వేలు పెడితే జివ్వుమంటోంది. బెండ గింజకు మట్టి 20 డిగ్రీల దాకా వెచ్చబడితేనే మొలక బాగా వస్తుంది. ఎంతకీ మొలవకపోతే తవ్వి చూసింది. గింజలు ఉబ్బిపోయి ఉన్నాయి, వేళ్ల మధ్య నొక్కగానే తొక్క జిగటగా ఊడి వచ్చింది, లోపల పప్పంతా కుళ్లిపోయింది. ఫోన్ చేస్తే నీళ్లు ఎక్కువ పోశారన్నారట. ఆవిడ అసలే నీళ్లు చూసి పోసే మనిషి. తప్పు తనదేనేమో అని ఎంత బాధపడిందో!

నేనుండేది తీరంలో. ఇక్కడ టమాటా కథ వేరు. మొక్క ఏపుగా పెరిగింది, పూత నిండుగా వచ్చింది, పిందె మాత్రం పడలేదు. పువ్వు కాడ దగ్గర చిన్న కణుపు ఉంటుంది చూడండి, అక్కడ పసుపెక్కి పొద్దున్నే కుండీలో రాలి ఉండేది. పగటి వేడి 35 డిగ్రీలు దాటినా, రాత్రి వేడి 21, 22 దగ్గరికి కూడా దిగకపోయినా టమాటా పుప్పొడి సరిగా పనిచేయదు. సముద్రం పక్కన ఎండాకాలంలో రాత్రుళ్లు ఉక్కే తప్ప చల్లదనం ఉండదు. అలాంటి చోట నారు ముందే పోసుకుని, వేడి ముదరకముందే కాపు ముగిసేలా చూసుకోవాలి. ఆ ఒక్క వాక్యం క్యాలెండర్‌లో ఉంటే సరిపోయేది. మాకు వచ్చిన సలహా ఏమిటంటే ఎరువు పెంచమని. నత్రజని ఎక్కువైతే ఆకే పెరుగుతుంది, పిందె నిలవదు.

క్యాలీఫ్లవర్ సంగతి కాస్త ఓపికగా వినండి. ఇందులో ముందుగా వచ్చే రకాలు, మధ్య రకాలు, ఆలస్యంగా వచ్చే రకాలు ఉన్నాయి. స్నోబాల్ లాంటి ఆలస్యపు రకానికి గట్టి చల్లదనం ఉంటేనే పువ్వు కడుతుంది. దాన్ని వెచ్చని చోట పెడితే ఆకులు వేస్తూనే ఉంటుంది, పువ్వు రాదు. ముందు రకాన్ని తీసుకెళ్లి చలి ముదిరాక నాటితే మొక్క ఎదగకుండానే బొత్తాం అంత పువ్వు కట్టి ఆగిపోతుంది. మా ఇళ్లలో రెండూ జరిగాయి. ఎందుకంటే పొట్లం మీద "క్యాలీఫ్లవర్" అని మాత్రమే ఉంది. కింద "రకం" అని అచ్చు వేసి ఎదురుగా ఖాళీ వదిలేశారు. ఆ ఖాళీలో రాయాల్సిన ఒక్క పేరు కోసమే మేం అర్జీ ఇచ్చింది.

ఉల్లి కూడా అంతే. పగటి పొడవును బట్టి గడ్డ కడుతుంది. 14 గంటల పగలు కావాల్సిన రకాన్ని భూమధ్యరేఖకు దగ్గర ప్రాంతాల్లో ఏ నెలలో వేసినా కాడలే తప్ప గడ్డ ఊరదు.

ఇక అందరినీ ఎత్తు మళ్లు చేసుకోమన్నారు. వాన ఎక్కువ పడే చోట అది మంచి మాటే, లేకపోతే నీళ్లు నిలిచి నారుకుళ్లు వస్తుంది. కానీ మా పిన్ని వాళ్లది మెట్ట. అక్కడ ఎత్తు మడి మధ్యాహ్నానికల్లా గాలికి ఎండి పగుళ్లిస్తుంది. గుంత మడి చేసి, ఎండుటాకులు మందంగా పరిచి, మొక్క మొదట్లో మాత్రమే నీళ్లు పోస్తే అక్కడ బతుకుతుంది. పిన్ని మీ కాగితాన్ని నమ్మి, తాగడానికి పట్టుకున్న నీళ్లు కూడా ఆ మళ్లకే పోసింది. ఇప్పుడు మొక్కలు పెంచే సంచులు (గ్రో బ్యాగులు) కూడా మడతపెట్టి అటక మీద పెట్టేసింది. ఈ మాట రాస్తుంటే నాకు కోపం కన్నా దిగులే ఎక్కువగా ఉంది. ఇలా మానేసినవాళ్లను మళ్లీ మట్టి దగ్గరికి తీసుకురావడం చాలా కష్టమండీ.

ఇది ఎక్కడా చేయని పని కాదు. అమెరికా వ్యవసాయ శాఖ 1960లోనే చలికాలపు కనిష్ఠ ఉష్ణోగ్రతలను బట్టి మొక్కల మండలాల మ్యాప్ వేసింది, 2023లో దాన్ని మళ్లీ సవరించింది. చలి ఒక్కటీ చాలదని అక్కడి ఉద్యాన సంఘం 1997లో వేడికి వేరే మ్యాప్ తెచ్చింది, ఏటా 30 డిగ్రీలు దాటే రోజులెన్నో లెక్కగట్టి. అంత పెద్ద పని రేపే చేయమని నేను అడగడం లేదు.

కొండకు ఒకటి, తీరానికి ఒకటి, మెట్టకు ఒకటి, మూడు కాగితాలు అచ్చు వేయించండి చాలు. నెల పేరుతో పాటు మట్టి ఎంత వెచ్చగా ఉండాలో, రాత్రి చలి ఎంత దాకా తట్టుకుంటుందో రాయించండి. పొట్లం మీద రకం పేరు వేయించండి. కిట్లు ఆయా ప్రాంతాల్లో విత్తే సమయానికి ముందే చేరాలి. మాకు ఈసారి పాలకూర గింజలు ఎండలు ముదిరాక వచ్చాయి. మొలిచినవి నాలుగాకులు వేయకముందే కాడ సాగి పూతకు వచ్చేశాయి. హెల్ప్‌లైన్‌లో ఫోన్ ఎత్తేవాళ్లు ముందు "మీది ఏ ప్రాంతం?" అని అడిగేలా చూడండి. దయచేసి రకం పేరైనా వేయించండి, మళ్లీ మళ్లీ అడుగుతున్నాను.

వచ్చే సీజన్ పొట్లాలు అచ్చుకు వెళ్లేలోపు మాలో కొందరిని పిలిచి మాట్లాడండి. మూడు ప్రాంతాల నుంచీ వస్తాం, ఎప్పుడు ఏం విత్తామో, ఏది బతికిందో రాసుకున్న పుస్తకాలు తెస్తాం. అర్జీ రసీదు నా దగ్గరే ఉంది, జవాబు కోసం చూస్తుంటాను.

ఇట్లు,
ఇంటి తోట పెంచుకునే ఒక గృహిణి