పద్నాలుగు ఓట్లతో వచ్చిన ప్రధాని

చిరంజీవి అమ్ములుకు, నాన్న ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ అమ్మా నేనూ క్షేమం.

ఆక్లాండులో నీతో పనిచేసే, పసిఫిక్ ద్వీపరాజ్యం టోంగా నుంచి వచ్చిన అమ్మాయి తమ పార్లమెంటులో ప్రభువులకు వేరే సీట్లు ఉంటాయని చెప్పిందనీ, ఎన్నికలున్న చోట అదెలా కుదురుతుందనీ అడిగావు. ఇన్నేళ్ళు రాజనీతి శాస్త్రం పాఠం చెప్పినవాణ్ణి, రెండు ముక్కల్లో తేల్చలేను. అక్కడ ప్రధాని అయిన ప్రభువు లార్డ్ తుయివకానో సంగతి చెబితే నీకు బాగా అర్థమవుతుంది.

తుయివకానో అన్నది వంశపారంపర్యంగా వచ్చే బిరుదు. 1875 నాటి రాజ్యాంగంతో స్థిరపడిన ఆ ప్రభువర్గంలో మొత్తం ముప్ఫై మూడు బిరుదులున్నాయి. చాలాకాలం పాటు ప్రధానినీ మంత్రులనూ రాజే నియమించేవాడు. సభలో జనం ఎన్నుకున్నవారు తొమ్మిదిమందే, ప్రభువులూ తొమ్మిదిమందే. మార్పు కోరుతూ ఏళ్ళ తరబడి సాగిన ఆందోళన 2006 నవంబరు 16న అల్లర్లుగా మారి, రాజధాని నుకుఅలోఫాలో వ్యాపారకేంద్రం చాలావరకు బూడిదైంది. ఐదవ జార్జ్ టుపౌ రాజు 2008లో తన పట్టాభిషేకానికి ముందే రోజువారీ పాలనాధికారాన్ని వదులుకుంటానని ప్రకటించాడు. అలా 2010 నవంబరులో కొత్త పద్ధతిలో ఎన్నికలు జరిగాయి: పదిహేడు సీట్లు జనానివి, తొమ్మిది ప్రభువులవి, ప్రధానిని ఎన్నుకునేది ఆ ఇరవై ఆరుగురు.

ఇక్కడే కాస్త ఆగి లెక్క చూడు. ప్రజాస్వామ్యం కోసం దశాబ్దాలు పోరాడిన అకిలిసి పోహివా పార్టీ పదిహేడింటిలో పన్నెండు గెలిచింది. మరో రెండు ఓట్లు దొరికితే చాలు. మిగిలిన ఐదుగురు స్వతంత్రులు ప్రభువుల తొమ్మిదిమందితో కలిశారు. డిసెంబరులో ఓటింగు జరిగితే తుయివకానోకు పద్నాలుగు, పోహివాకు పన్నెండు. జనం ఓట్లలో అంత పైచేయి సాధించిన పక్షం ప్రతిపక్షంలో కూర్చోవడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. అయినా, అంతకుముందే స్పీకరుగా, మంత్రిగా పనిచేసిన ఆ ప్రభువు రాజు మాటతో కాక ఓట్ల లెక్కతో ప్రధాని కావలసి వచ్చిందన్నది చిన్న విషయం కాదమ్మా. ఆయనకు ముందు ప్రధానులైనవారికి ఆ అవసరం రాలేదు.

లెక్కతో వచ్చినవాణ్ణి లెక్కతోనే దించవచ్చు కదా. తుయివకానో తన మంత్రివర్గంలో పోహివాకు ఆరోగ్యశాఖ ఇచ్చారు గాని, పోహివా 2011 జనవరిలోనే రాజీనామా చేశారు. 2012లో అవిశ్వాస తీర్మానం వచ్చినప్పుడు తుయివకానో కొద్ది ఓట్ల తేడాతో గట్టెక్కారు. అదే సంవత్సరం మార్చిలో రాజు మరణించి ఆయన తమ్ముడు ఆరవ టుపౌ సింహాసనం ఎక్కాడు. ప్రభుత్వం మాత్రం పూర్తికాలం నిలిచింది. 2014 డిసెంబరులో పోహివా ప్రధాని అయ్యారు, తుయివకానో మళ్ళీ స్పీకరు పీఠం ఎక్కారు.

ఆ తరువాత జరిగింది ఇంకా జాగ్రత్తగా చదువు. 2017 ఆగస్టులో స్పీకరు తుయివకానో సలహాపై రాజు పార్లమెంటును రద్దు చేశాడు. గడువుకు ముందే వచ్చిన ఆ నవంబరు ఎన్నికల్లో పోహివా పక్షం ఈసారి పదిహేడింటిలో పద్నాలుగు సీట్లు గెలిచింది. 2010లో తుయివకానోను గద్దెనెక్కించిన సంఖ్యే ఇప్పుడు అవతలివైపు చేరింది, అదీ ప్రభువుల ఓటు ఒక్కటీ లేకుండా. స్పీకరు పీఠం లార్డ్ ఫకఫనువాకు దక్కింది, ఆయనా ప్రభువే.

ఆ అమ్మాయిని ఒక్క మాట అడిగి రాయి. 2010 డిసెంబరులో పద్నాలుగు, పన్నెండు అన్న లెక్క విన్నప్పుడు వాళ్ళ ఇంట్లో పెద్దలు ఏమనుకున్నారు? పుస్తకాల్లో దొరకని ఆ సంగతి నాకు కావాలి.

ఆశీస్సులతో,
నాన్న