ఏడాదంతా కనెక్టర్లతోనే: కార్యదర్శి వార్షిక నివేదిక

సభ్యులకు నమస్కారం.

ఏడాది మొదట్లో వేసుకున్న ప్లాన్‌లో డేటా కాటలాగ్‌కు (డేటాబేస్‌లో ఏ టేబుల్‌లో ఏముందో చూపే సాఫ్ట్‌వేర్‌కు) ఇచ్చింది ఒక్క ఆదివారం. అది ఏడాది మొత్తాన్నీ మింగేసింది. గుంటూరు బ్రాడీపేటలో కూర్చున్న ప్రతిసారీ ఎవరో ఒకరు ల్యాప్‌టాప్ తెరిచి, "కనెక్టర్ పనిచేయట్లేదండీ" అనేవారు. కనెక్టర్ అంటే డేటాబేస్ నుంచి కాటలాగ్‌కు వివరాలు తెచ్చే భాగం. చూస్తే చాలాసార్లు అది బానే ఉండేది. దానికిచ్చిన యూజర్‌కే హక్కులు ఉండేవి కావు.

ఒక కేసు మాత్రం వివరంగా రాయాలి. మన సభ్యుడొకరు మిర్చి కోల్డ్ స్టోరేజీకి సాఫ్ట్‌వేర్ చూస్తారు. ఏ రైతు బస్తాలు ఎప్పుడు దిగాయి, ఏ గదిలో ఉన్నాయి, అన్నీ పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌లోనే. ఏ టేబుల్‌లో ఏముందో కొత్తవాళ్లకు తెలియాలని కాటలాగ్ పెట్టారు. టెస్ట్ కనెక్షన్ పాస్. ఇంజెషన్ (వివరాలను కాటలాగ్‌లోకి లాక్కోవడం) పూర్తయిందని పచ్చ టిక్కు. టేబుళ్లు మాత్రం సున్నా. ఎర్రర్ వస్తే దాన్ని పట్టుకుని వెతుక్కోవచ్చు, పచ్చ టిక్కును పట్టుకుని ఏం వెతుకుతాం? ఏవి తేవాలో చెప్పే ఫిల్టర్‌లో స్కీమా (టేబుళ్లను గుంపుగా ఉంచే విభాగం) పేరు తప్పు పడిందేమోనని నలుగురం గంటన్నర చూశాం. చివరికి కాటలాగ్‌ను పక్కన పెట్టి, అదే యూజర్‌తో నేరుగా డేటాబేస్‌లోకి లాగిన్ అయి టేబుళ్ల జాబితా అడిగాం. అక్కడా ఖాళీయే. ఆ కనెక్టర్ జాబితా తెచ్చుకునేది ఇన్ఫర్మేషన్ స్కీమా నుంచి, అంటే డేటాబేస్ తన టేబుళ్ల గురించి తానే చెప్పే చోటు నుంచి. పోస్ట్‌గ్రెస్ అందులో మనకు హక్కున్న టేబుళ్లనే చూపిస్తుంది, మిగతావి ఉన్నట్టు కూడా చెప్పదు. స్కీమాకు యూసేజ్ (లోపలికెళ్లే హక్కు), టేబుళ్లకు సెలెక్ట్ (చదివే హక్కు) గ్రాంట్ చేశాక అన్నీ వచ్చాయి. అప్పటికి పునుగులు చల్లారిపోయాయి.

ఆ సంతోషం నెల్లాళ్లే. కొత్త సీజన్‌కు చేర్చిన టేబుళ్లు కాటలాగ్‌లోకి రాలేదు. "ఆల్ టేబుల్స్" అని గ్రాంట్ ఇచ్చినా అది ఆ రోజుకు ఉన్నవాటికే. తర్వాత పుట్టేవాటికి ఆల్టర్ డీఫాల్ట్ ప్రివిలేజెస్ అనే కమాండ్ కావాలి. అదీ అడ్మిన్ లాగిన్‌తో కొట్టేసి ఊరుకుంటే చాలదు. టేబుళ్లు చేసేది అప్లికేషన్ యూజర్ కాబట్టి ఆ యూజర్ (పోస్ట్‌గ్రెస్ మాటలో రోల్) పేరు చెప్పి మరీ ఇవ్వాలి. నాకూ ఆ రోజే తెలిసింది, దాచుకోవడం ఎందుకు.

వాళ్లదే ఇంకో ముచ్చట. రాత్రి 2 గంటలకని పెట్టిన ఇంజెషన్ పొద్దున 7:30కి మొదలయ్యేది. టేబుళ్లలోని డేటా చదివి లెక్కలు తీసే ప్రొఫైలింగ్ కూడా ఆన్‌లో ఉండడంతో సరిగ్గా లారీలు వచ్చే వేళకు బిల్లింగ్ నత్తనడక. షెడ్యూల్ నడిపే ఎయిర్‌ఫ్లో డీఫాల్ట్‌గా యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) చూస్తుంది, మన టైమ్ దానికి 5:30 గంటలు ముందు. షెడ్యూల్ యూటీసీ 20:30కి, అంటే మన రాత్రి 2కి, మార్చాక ఓనర్‌గారి ఫోన్లు ఆగాయి.

కంటైనర్ (ప్రోగ్రామ్ విడిగా నడిచే పెట్టె) లోపల లోకల్‌హోస్ట్ ('ఈ మెషీనే' అనే అడ్రస్) అంటే ఆ కంటైనరే, మీ ల్యాప్‌టాప్ కాదు. ఇది గోడకు రాసి అంటించాం. అయినా అడుగుతున్నారు.

తెలుగు వివరణలది వేరే తలనొప్పి. అను అనే పాత తరహా తెలుగు ఫాంట్లలో టైప్ చేసి ఎక్కించిన కాలమ్ వివరణలు కాటలాగ్‌లో పిచ్చి గీతల్లా కనిపిస్తే అందరూ ఎన్‌కోడింగ్‌ను తిట్టారు. అవి యూనికోడ్ తెలుగు అక్షరాలే కావు. ఫాంట్ తీసేస్తే మిగిలేది ఇంగ్లీషు గుర్తులే. కన్వర్టర్‌తో మార్చుకుంటే తెలుగు తిరిగొస్తుంది. వరసగా ప్రశ్నార్థకాలు కనిపిస్తే మాత్రం ఆశ వదులుకోవచ్చు. తెలుగు అక్షరాలు పట్టని లాటిన్1 ఎన్‌కోడింగ్ కాలమ్‌లో రాసినప్పుడే తెలుగు పోయింది. ఒక సభ్యురాలు అలాంటి వివరణలన్నీ మళ్లీ కూర్చుని టైప్ చేశారు.

శంకర్‌విలాస్ బ్రిడ్జి పనుల వల్ల కొత్తపేట వైపువాళ్లు చుట్టూ తిరిగి రావాల్సి వచ్చి హాజరు తగ్గింది. అందుకని కొన్నిసార్లు ఫోన్‌లోనే సాయం చేశాం. ఒక మనవి: స్క్రీన్‌షాట్ కాదు, పూర్తి లాగ్ పంపండి. పంపేముందు పాస్‌వర్డ్, టోకెన్ చెరిపేయండి. ఈ ఏడాది ఒకరి అడ్మిన్ పాస్‌వర్డ్ సంఘంలో అందరికీ నోటికొచ్చేసింది.

జమాఖర్చులు కోశాధికారిగారు చదువుతారు. చందా బాకీ ఉన్నవాళ్లు ఈలోపే కట్టేస్తే ఆయనకు సగం పేజీ కలిసొస్తుంది.