చిత్తు కాగితాలు పారేయకండి

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

పోయిన నెల పిల్లల బొమ్మల ప్రదర్శనకు వచ్చినవాళ్లందరికీ థాంక్స్. కుర్చీలు చాలలేదు, మైకు రెండుసార్లు మొరాయించింది, అయినా ఎవరూ విసుక్కోలేదు. పరీక్షల తేదీలు, సెలవుల వివరాలు వెనక పేజీలో ఉన్నాయి, అవి ముందు చూసి వచ్చేవాళ్లు చూసి రండి, నేనేమీ అనుకోను. ఈ పేజీ మొత్తం ఆ రోజు సాయంత్రం నేను చూసిన నాలుగు కాగితాల గురించే.

అందరూ వెళ్లిపోయాక హాలు సర్దుతుంటే ఏడో తరగతి అమ్మాయి ఒకతె గోడ మీంచి తన బొమ్మ తీసుకుని, సంచిలోంచి ఇంకొన్ని కాగితాలు తీసి, అన్నీ కలిపి చుట్ట చుడుతోంది. ఏంటమ్మా అవి అంటే "పాడైపోయినవి టీచర్" అంది. చూపించమంటే ముందు సిగ్గుపడింది, తర్వాత బల్ల మీద పరిచింది. అన్నింట్లోనూ ఒకటే బొమ్మ, కిటికీ పక్కన కూర్చుని సూదిలోకి దారం ఎక్కిస్తున్న అమ్మమ్మ. మొదటి కాగితంలో అమ్మమ్మ మనవైపు చూస్తోంది, చేతులు మాత్రం లేవు, చీర మడతల్లో దాచేసింది. చేతులు వేయడం రాని పిల్లలందరూ చేసే పనే ఇది, బొమ్మలో మనుషుల చేతులు ఎప్పుడూ జేబుల్లోనో వీపు వెనకో ఉంటాయి. రెండోదాంట్లో చేతులు వచ్చాయి కానీ గాలి కొట్టినట్టు ఉబ్బిపోయి ఉన్నాయి. మూడోదాంట్లో తల కాస్త వంగింది. నాలుగోదాంట్లో అసలు అమ్మమ్మే లేదు, కాగితం నిండా చేతులే, పదో పన్నెండో, తన ఎడమచేతిని ఎదురుగా పెట్టుకుని అన్ని వైపుల నుంచీ వేసుకుంది. గోడ మీద మనం చూసింది అయిదోది. అందులో అమ్మమ్మ మొహం సగమే కనబడుతుంది, ఆవిడ చూపంతా సూది బెజ్జం మీదే.

ఆ రోజు ఆ బొమ్మ ముందు నిలబడ్డ చాలామంది ఒకటే మాట అన్నారు, "పుట్టుకతోనే వచ్చింది ఈ పిల్లకి" అని. అన్నవాళ్లలో నేనూ ఉన్నాను. సంచిలోని కాగితాలు చూశాక ఆ మాట వెనక్కి తీసుకోవాలనిపించింది.

మన భాషలో "చెయ్యి తిరిగిన చిత్రకారుడు", "చెయ్యి తిరిగిన రచయిత" అంటాం కదా, పెద్దగా ఆలోచించకుండానే అనేస్తాం. చెయ్యి ఊరికే తిరగదు, తిప్పితే తిరుగుతుంది. కాకపోతే తిప్పిన సంగతి మనకు ఎవరూ చూపించరు. గోడ మీద పెట్టేది చివరి కాగితం, స్టేజి మీద వినిపించేది చివరి పాట, పత్రికలో అచ్చయ్యేది చివరి ప్రతి. ఇంట్లో కూర్చుని మొదటి కాగితంతో కుస్తీ పడుతున్న పిల్ల తన మొదటిదాన్ని ఎవరిదో చివరిదానితో పోల్చుకుని, "నాకు రాదు" అని తేల్చేసుకుంటుంది. అది సరైన పోలికే కాదని చెప్పేవాళ్లు ఆ క్షణాన పక్కన ఉండరు.

స్పెయిన్ చిత్రకారుడు పికాసో 1937లో గీసిన గెర్నికా అనే చిత్రం పేరు మీలో చాలామంది వినే ఉంటారు. ఎత్తు మూడున్నర మీటర్లు, వెడల్పు ఏడు మీటర్ల పైమాట. దానికోసం ఆయన వేసుకున్న చిత్తు బొమ్మలు నలభైకి పైగా మిగిలాయి. అంతకన్నా విలువైనది ఇంకొకటుంది, ఆ గుడ్డ మీద పని నడుస్తున్నంతకాలం డోరా మార్ అనే ఫొటోగ్రాఫర్ మధ్య మధ్యలో దాన్ని ఫొటోలు తీసింది. ఆ ఫొటోల్లో పైకెత్తి బిగించిన పిడికిలి ఒకటి కనిపిస్తుంది, పూర్తయిన బొమ్మలో అది లేదు. అంటే అప్పటికే ప్రపంచమంతా పేరున్న మనిషి, యాభై అయిదేళ్ల వయసులో, వేసినది తనకు నచ్చక చెరిపేసి మళ్లీ వేశాడు. ఆ ఫొటోలు లేకపోతే మనం ఆయన గురించి కూడా "పుట్టుకతోనే వచ్చింది" అని ఊరుకునేవాళ్లం. (ఆయన విషయంలో అది కొంత నిజం కూడా అనుకోండి, తండ్రి డ్రాయింగ్ మాస్టారు, చిన్నప్పుడే చేతికి పెన్సిలు వచ్చింది. అయినా చెరపాల్సి వచ్చింది.)

పాశ్చాత్య సంగీతంలో పెద్ద పేరున్న స్వరకర్త బీథోవెన్ కూడా అంతే. వియన్నాలో ఎన్ని ఇళ్లు మారాడో లెక్కలేదు గానీ, స్వరాలు రాసుకున్న చిత్తు పుస్తకాలను మాత్రం దగ్గరే దాచుకున్నాడు. ఆ పుటలు వేల సంఖ్యలో ఇప్పటికీ ఉన్నాయి. చూస్తే కొట్టివేతలు, గీతలు, మళ్లీ పైన రాసినవి, మన పిల్లల లెక్కల నోటుబుక్కు కన్నా ఘోరంగా ఉంటాయి.

ఇక నా సంగతి ఒకటి చెప్పాలి. నాకు తొమ్మిదో పదో ఏళ్లున్నప్పుడు బడిలో బొమ్మల పోటీ పెట్టారు, ఇంటి దగ్గర వేసుకురమ్మన్నారు. నేను గుర్రాన్ని వేశాను. కాళ్లు కుదరలేదు. మా అన్నయ్య పాపం మంచి మనసుతోనే, "ఇలా ఇవ్వు, ఒక్క నిమిషం" అని కాళ్లు సరిచేశాడు, తర్వాత మెడ, తర్వాత జూలు. ఫస్ట్ ప్రైజ్ వచ్చింది. ఆ సర్టిఫికెట్ ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. ఆ తర్వాత చాలా ఏళ్లు నేను గుర్రం వేయలేదు, అసలు బొమ్మే వేయలేదు, ఎందుకంటే ఎవరైనా వేయమంటే నాకు రాదని బయటపడిపోతుందని టెన్షన్. అన్నయ్యని ఏమీ అనను. కానీ ఈసారి ప్రదర్శనలో కూడా కొన్ని గుర్రాల కాళ్లు చాలా బాగా కుదిరాయి, ఎవరివని అడగను, మీకే తెలుసు.

మెచ్చుకోవడం గురించి కూడా ఒక మాట. 1998లో క్లాడియా ముల్లర్, కారల్ డ్వెక్ అనే ఇద్దరు పరిశోధకులు అయిదో తరగతి పిల్లలకు కొన్ని పజిల్స్ ఇచ్చి, అయ్యాక కొందరితో "నువ్వు తెలివైనదానివి" అని, కొందరితో "బాగా కష్టపడ్డావు" అని అన్నారు. తేడా ఆ ఒక్క వాక్యమే. తర్వాత ఎలాంటివి కావాలో ఎంచుకోమంటే, తెలివి అని మెచ్చుకున్న పిల్లల్లో ఎక్కువమంది తమ తెలివి బయటపడేలా, తేలిగ్గా వచ్చేసేవి కోరుకున్నారు, కష్టాన్ని మెచ్చుకున్నవాళ్లలో ఎక్కువమంది కొత్తది నేర్చుకునే అవకాశమున్నవి అడిగారు. మధ్యలో బాగా కష్టమైనవి ఇచ్చి, మళ్లీ మొదటిలాంటివే ఇచ్చి చూస్తే, మొదటి గుంపు ముందుకన్నా తక్కువ చేసింది, రెండో గుంపు ముందుకన్నా బాగా చేసింది. దీన్ని పట్టుకుని ఆ తర్వాత చాలామంది చాలా గొప్పలు చెప్పారు, ఒక్క మాటతో పిల్లల జీవితం మారిపోతుందన్నట్టు. అంత లేదు. కానీ "నువ్వు జీనియస్‌వి రా" అని రోజూ అనిపించుకునే పిల్లాడు కష్టమైనదాన్ని ముట్టుకోడానికి ఎందుకు జంకుతాడో నాకు తరగతి గదిలో చాలాసార్లు కనబడింది.

బహుమతుల విషయంలో మా తప్పు మేమే ఒప్పుకోవాలి. బొమ్మలు వేయడం ఇష్టపడే మూడు నుంచి అయిదేళ్ల పిల్లలతో చేసిన ప్రయోగం ఒకటి 1973లో వచ్చింది. బొమ్మ వేస్తే రిబ్బను కట్టిన సర్టిఫికెట్ ఇస్తామని ముందే చెప్పి వేయించిన పిల్లలు, ఒకటి రెండు వారాల తర్వాత స్కెచ్ పెన్నులు ఎదురుగా ఉన్నా వాటి జోలికి పెద్దగా పోలేదు, మిగతా పిల్లలు గడిపిన సమయంలో సగమే గడిపారు. ముందు చెప్పకుండా ఇచ్చినవాళ్లలో ఆ తగ్గుదల లేదు. మేమేమో ఏటా పోటీకి నెల ముందే కప్పులు అద్దాల బీరువాలో పెట్టి మరీ చూపిస్తున్నాం. అందుకని ఈ ఏడాది బొమ్మలకి, కథలకి ఫస్ట్, సెకండ్ లేవు. ఇది కొంతమందికి నచ్చదని తెలుసు, మా స్టాఫ్ రూములోనే ఇద్దరికి నచ్చలేదు.

కష్టపడాలి అనగానే కొందరు గంటలు లెక్కపెట్టడం మొదలుపెడతారు, అదీ నాకు భయమే. ఏ విద్యలోనైనా ఆరితేరాలంటే పదివేల గంటలు సాధన చేయాలనే మాట మీరు వినే ఉంటారు. దానికి మూలమైన పరిశోధన ఆండర్స్ ఎరిక్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బృందం బెర్లిన్‌లో వయొలిన్ విద్యార్థుల మీద చేసినది, 1993లో అచ్చయింది. అందరికన్నా బాగా వాయించేవాళ్లు పద్దెనిమిదేళ్లు వచ్చేసరికి ఒంటరిగా సాధన చేసిన సమయం సగటున 7,400 గంటలు. సంగీతం టీచర్లు కాబోయేవాళ్లది సుమారు 3,400. పదివేలు అనేది దాటగానే తలుపు తెరుచుకునే గడప ఏమీ కాదు, ఎరిక్సన్ కూడా ఆ వాడకాన్ని ఒప్పుకోలేదు. అదే పరిశోధనలో ఎవరూ పెద్దగా చెప్పుకోని ముక్క ఇంకొకటుంది, బాగా వాయించేవాళ్లు మిగతావాళ్లకన్నా ఎక్కువ నిద్రపోయారు, మధ్యాహ్నం కునుకు కూడా తీశారు. పిల్లని రాత్రి పదకొండింటికి కూర్చోబెట్టి అదే పాట ఇరవైసార్లు పాడించడం సాధన కాదు, ఇరవయ్యోసారి కూడా తప్పు అక్కడే వస్తుంటే ఆ తప్పే గట్టిపడుతుంది. మన అమ్మాయి నాలుగో కాగితం చూడండి. బొమ్మ మొత్తం మళ్లీ వేయలేదు తను, చేతుల దగ్గర ఆగిందని తెలుసుకుని చేతులు మాత్రమే పట్టుకుంది. ఆ సలహా డ్రాయింగ్ టీచర్ ఇచ్చారట, "అమ్మమ్మని కాసేపు పక్కన పెట్టు" అని.

సోమవారం నుంచి ప్రతి పిల్లకీ, పిల్లాడికీ గీతలు లేని చిత్తు పుస్తకం ఒకటి ఇస్తున్నాం. బొమ్మలు, కథలు, పద్యాలు, ట్యూన్లు, ఏదైనా సరే అందులోనే మొదలవ్వాలి. పేజీ మీద తేదీ వేయాలి, పేజీ చింపకూడదు, దీనికి మార్కులు ఉండవు. వారానికి ఒకసారి టీచరు ఒక్క చోట మాత్రం చూపించి ఇది ఇంకోసారి చేసి చూడు అంటారు, ఒక్క చోటే, పేజీ నిండా ఎర్ర సిరా పోయరు. ఏడాది చివరి ప్రదర్శనలో చివరిదాంతో పాటు మొదటిది కూడా పక్కనే పెడతాం. మీ అమ్మాయిది మొదటిది చూసి మీకు నవ్వొస్తే నవ్వండి, తనకీ వస్తుంది.

ఇంట్లో మీరు చేయాల్సింది తక్కువే, అందుకే కష్టం. పెన్సిలు లాక్కోకండి. "సూపర్" అని ఫోనులోంచి తలెత్తకుండా అనే బదులు, "ఈ నీడ ఎలా వేశావు, ఇక్కడ ఎందుకు చెరిపావు" అని అడిగి చూడండి, పిల్లలు పావుగంట మాట్లాడతారు. మధ్యలో విసిగి వదిలేస్తే అదే రాత్రి మళ్లీ కూర్చోబెట్టకండి, పుస్తకం బల్ల మీద తెరిచి ఉంచండి చాలు. రెండు మూడు నెలలు నిజంగా ప్రయత్నించాక కూడా "నాకు ఇది ఇష్టం లేదమ్మా, డాన్స్ చేస్తాను" అంటే వినండి. అందరూ చిత్రకారులు కావాలని ఎవరూ అనడం లేదు. కానీ మొదటి కాగితం దగ్గరే "నాకు రాదు" అంటే అది ఇష్టం లేకపోవడం కాదు, ఆ రెండింటికీ తేడా మీకే బాగా తెలుస్తుంది, మాకన్నా.

కొందరు ఇప్పటికే అడిగారు, ఇదంతా చదువుకి అడ్డం కాదా అని. వారానికి రెండు పీరియడ్లు, అవి ముందూ ఉన్నవే. లెక్కల సార్ అయితే తన క్లాసుకి కూడా అలాంటి పుస్తకం కావాలంటున్నారు, ఇంకా సరేననలేదు, పుస్తకాలు చాలవు.

ఆ అమ్మాయినీ, వాళ్ల ఇంట్లోనూ అడిగి, అయిదు కాగితాలూ ఆఫీసు గది బయట గోడకి వరసగా పెట్టాం. ముందు ఒప్పుకోలేదు, పేరు రాయకపోతే సరేనంది. పేరెంట్స్ మీటింగుకి వచ్చినప్పుడు చూడండి, నాలుగోది కాస్త కిందగా ఉంది, వంగి చూడాలి.

మీ
ప్రధానోపాధ్యాయురాలు